కొత్త సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవల వస్తోందని పాఠకుల దాకా చేర్చడం ఎలా?

నవల పూర్తయింది, విడుదల దగ్గరపడుతోంది. ఇక ప్రచారం మొదలుపెడదాం అనుకోగానే ఈ తరహా రచయితలు చాలామంది తాము కల్పించిన లోకం గురించి చెప్పడం మొదలుపెడతారు. పటం పెడతారు. అయిదు రాజవంశాల వంశవృక్షం పెడతారు. మంత్రశక్తి ఎలా పనిచేస్తుందో, అంతరిక్ష నౌక దేనితో నడుస్తుందో వరసగా మూడు పోస్టుల్లో వివరిస్తారు. ఏళ్ల తరబడి కట్టుకున్న లోకం కాబట్టి ఆ ఉబలాటం సహజమే. కానీ అందులోకి ఇంకా అడుగే పెట్టని మనిషికి అక్కడి పన్నుల విధానంతో పనేముంది? అక్కడ ఎవరు ఇరుక్కున్నారో, ఎందులో ఇరుక్కున్నారో తెలిస్తే మిగతాది తనే వెతుక్కుంటూ వస్తాడు.

ఇది సొంతంగా ప్రచురించుకునేవాళ్లనీ, చిన్న ప్రచురణ సంస్థలనీ దృష్టిలో పెట్టుకుని రాసింది. మీ పుస్తకం పెద్ద సంస్థ వేస్తుంటే ఇందులో కొన్ని పనులు వాళ్లే చూసుకుంటారు. ఏవి వాళ్లవి, ఏవి మీవి అన్నది ముందే అడిగి, మెయిల్‌లో రాయించుకోండి.

మొదటి అడుగు: పుస్తకం ఏ అరలో ఉంటుందో తేల్చుకోండి

‘సైన్స్ ఫిక్షన్’ అంటే సరిపోదు. శాస్త్రీయ వివరం పక్కాగా ఉండాలనే హార్డ్ ఎస్ఎఫ్ పాఠకుడు, గ్రహాల మధ్య యుద్ధాలు కోరుకునే స్పేస్ ఒపేరా పాఠకుడు ఒకరు కారు. ఫాంటసీలోనూ అంతే. మహా యుద్ధాల ఎపిక్, నేటి నగరంలో జరిగే అర్బన్, హాయిగా చదువుకునే కోజీ, క్రూరంగా సాగే గ్రిమ్‌డార్క్, ప్రేమ ప్రధానమైన రొమాంటసీ, వీడియోగేమ్ లెవెల్స్‌లా సాగే లిట్ఆర్‌పీజీ... వీటిలో ఒక్కోదానికి ఒక్కో ఆశ ఉంటుంది. కోజీ అని చెప్పి మూడో అధ్యాయంలో ఊరంతా నరికేస్తే వచ్చే ఒక స్టార్ రివ్యూలకు బాధ్యత పాఠకుడిది కాదు.

మీ నవలకు దగ్గరగా ఉండే రెండు పుస్తకాలు ఎంచుకోండి. గత అయిదేళ్లలో వచ్చినవైతే మంచిది. అందరికీ తెలిసిన మహా గ్రంథంతో పోల్చుకోవద్దు. అది గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది, పైగా ఏ సమాచారమూ ఇవ్వదు. ‘ఫలానా నవలలోని మూసేసిన స్టేషన్ వాతావరణం, ఫలానా దానిలోని హాస్యం’ అని దేనికోసం పోలుస్తున్నారో చెప్పగలగాలి.

ఈ నిర్ణయం తర్వాత చాలాచోట్ల పనికొస్తుంది. సొంతంగా ప్రచురించుకునేవాళ్ల కోసం అమెజాన్ నడిపే కేడీపీలో పుస్తకానికి 3 కేటగిరీలు ఎంచుకోవచ్చు, కీవర్డ్‌లకు 7 గడులు ఇస్తారు. ఆ గడుల్లో ‘ఫాంటసీ నవల’, ‘మంచి కథ’ అని నింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కేటగిరీ చెప్పే మాటే మళ్లీ కీవర్డ్‌లో రాస్తే ఆ గడి వృథా. పాఠకుడు సెర్చ్ బాక్సులో ఏం టైప్ చేస్తాడో అది రాయండి: అంతరిక్ష స్టేషన్ మిస్టరీ, మొదటిసారి గ్రహాంతరవాసులను కలవడం, తరతరాల ప్రయాణ నౌక, శత్రువుల మధ్య ప్రేమ, అలాంటివి.

రెండో అడుగు: రెండు మూడు వాక్యాల్లో కథ

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పోస్టరు, మెయిలు, ఇంటర్వ్యూ, ఆన్‌లైన్ పేజీ అన్నీ ఈ వాక్యాల మీదే నడుస్తాయి.

ఒక ఊహాజనిత నవల తీసుకుందాం. దానికి మొదటి ప్రయత్నంలో సాధారణంగా ఇలాంటి బ్లర్బ్, అంటే వెనక అట్ట మీది కథా పరిచయం, వస్తుంది:

‘క్రీ.శ. 2790. సప్తవలయ సమాఖ్యకూ, ఎరుణ గణరాజ్యాలకూ మధ్య మూడు శతాబ్దాల వైరం ముగిసింది. థోరాన్ స్ఫటికాల గుత్తాధిపత్యం కోసం కొత్త కుట్రలు మొదలయ్యాయి. వలయ మండలి నీడలో ఒక పురాతన రహస్యం మేల్కొంటోంది. విశ్వం భవితవ్యం ఇప్పుడు ఒక్కరి చేతిలో...’

చదివినవాడికి ఏం మిగిలింది? గుర్తుండని పేర్లు నాలుగు, ఎవరో తెలియని ‘ఒక్కరు’. విశ్వం భవితవ్యం అంటే ఎంత పెద్ద మాటో అంత ఖాళీ మాట. ఈ తరహా పుస్తకాల్లో సగం వాటి వెనక అట్ట మీద విశ్వం ప్రమాదంలోనే ఉంటుంది. అదే నవల గురించి ఇలా చెప్పి చూడండి:

‘శనిగ్రహం చుట్టూ తిరిగే స్టేషన్‌లో ఆమె గాలి లెక్కలు రాసే గుమాస్తా. ఒక నెల లెక్క తేలదు: నలుగురు మనుషులు పీల్చే గాలి అదనంగా ఖర్చయింది. జాబితాలో లేని ఆ నలుగురిని పట్టిస్తే ఆమె కుటుంబానికి రేషన్ పెరుగుతుంది. దాస్తే స్టేషన్ మొత్తానికి తగ్గుతుంది.’

ఇందులో సంవత్సరం లేదు, సమాఖ్య లేదు. అయినా లోకం కనిపిస్తోంది. గాలికి కూడా లెక్క ఉండే చోటు అని ‘గాలి లెక్కలు రాసే గుమాస్తా’ అన్న మాటే చెప్పేసింది. ఆమెకు ఒక ఇరకాటం ఉంది, ఎటు మొగ్గినా నష్టం ఉంది. రాజకీయమంతా పుస్తకంలో భద్రంగానే ఉంటుంది, బ్లర్బ్‌లోకి తోసుకురానక్కర్లేదు.

మీ వాక్యాలను ఇలా పరీక్షించుకోండి. కల్పిత పేర్లు ఒకటి మించి ఉంటే కొట్టేయండి. ‘రహస్యం’, ‘విధి’, ‘చీకటి శక్తులు’ అన్న మాటలు కనబడితే వాటి స్థానంలో నిజంగా జరిగే సంగతి రాయండి. తర్వాత పుస్తకం చదవని మనిషికి ఒకసారి చదివి వినిపించి, మర్నాడు ‘అదేం కథ?’ అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పగలిగింది ఎంతో, మీ ప్రచారం కూడా అంతే. మిగతాది గాలికి పోయినట్టే.

మలుపుల విషయంలో ఒక గీత గీసుకోవాలి. నవల మొదటి పాతిక శాతంలో జరిగేవి చెప్పొచ్చు, ఆ తర్వాతివి వద్దు. అలాగే ‘ఊహించని ట్విస్ట్’ ఉందని పోస్టరు మీద వేయకండి. ఉందని తెలిశాక పాఠకుడు కథ వదిలేసి దానికోసం కాపలా కాస్తాడు.

మూడో అడుగు: కవరు

కవరును చాలామంది ముందుగా బొటనవేలి గోరంత సైజులో ఫోను తెర మీదే చూస్తారు. ఆ సైజుకు కుదించి పేరు చదవగలుగుతున్నారా, ఏ తరహా పుస్తకమో తెలుస్తోందా చూడండి. ఈబుక్ కవరుకు అమెజాన్ సూచించే కొలత 2560 పిక్సెళ్ల ఎత్తు, 1600 వెడల్పు. మీ అరలోని ఇరవై కొత్త పుస్తకాల కవర్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో మీది పెట్టి చూడండి. వాటి కుటుంబంలోదిలా ఉండాలి, కానీ వాటిలో కలిసిపోకూడదు.

ఈ పాఠకులకు బొమ్మ గీసినవాళ్లంటే గౌరవం. ఆర్టిస్టు పేరు ప్రతి పోస్టులోనూ వేయండి. ఏఐతో చేయించిన బొమ్మ వాడితే ఈ వర్గంలో గట్టిగానే నిలదీస్తారు. ఆ చర్చ మొదలైతే మీ కథ ఎవరికీ పట్టదు.

కవరు ఆవిష్కరణ మీ చేతిలో ఉన్న మంచి వార్తల్లో ఒకటి. ముందే అందరికీ చూపించి పాడుచేసుకోకండి. ఈ తరహా పుస్తకాలకు పేరున్న ఒక సైటుకో, బుక్ యూట్యూబర్‌కో ‘మొదట మీరే చూపించండి’ అని అడగొచ్చు. ఆ రోజుకు ప్రీ-ఆర్డర్ లింకు, అంటే విడుదలకు ముందే కొనుక్కునే లింకు, తెరిచి ఉండాలి. బొమ్మ నచ్చి వచ్చినవాళ్లకు నొక్కడానికి ఏమీ లేకపోతే ‘బాగుంది’ అని వెళ్లిపోతారు, మళ్లీ రారు.

నాలుగో అడుగు: క్యాలెండరు

విడుదల తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఆరు నెలల ముందు బ్లర్బ్, కేటగిరీలు, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) సిద్ధం. అయిదో నెలలో కవరు ఆవిష్కరణ, ప్రీ-ఆర్డర్. నాలుగో నెలకల్లా రివ్యూ కాపీలు బయటికి వెళ్లాలి. పబ్లిషర్స్ వీక్లీ, లైబ్రరీ జర్నల్ లాంటి వృత్తి పత్రికలు విడుదలకు మూడు నాలుగు నెలల ముందే కాపీ అడుగుతాయి. పుస్తకం బయటికొచ్చాక పంపితే వాళ్ల దృష్టిలో అది పాత పుస్తకమే. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల కోసం 1968 నుంచీ నడుస్తున్న లోకస్ పత్రిక రాబోయే పుస్తకాల జాబితాలు వేస్తుంది. పాతరోజుల్లో టార్ డాట్ కామ్‌గా తెలిసి, 2024 జనవరిలో రియాక్టర్ అని పేరు మార్చుకున్న సైటు కూడా కొత్త విడుదలల జాబితాలు ఇస్తుంది. అలాంటి జాబితాలు తయారుచేసేవాళ్లకు వివరాలు నెలల ముందే అందాలి.

కేడీపీలో ఈబుక్ ప్రీ-ఆర్డర్ ఏడాది ముందు నుంచే పెట్టుకోవచ్చు. కాకపోతే తుది ఫైలు విడుదలకు 72 గంటల ముందే ఎక్కించాలి. ఎడిటింగ్ ఇంకా సగంలో ఉండగా తేదీ ప్రకటించి టెన్షన్ పడటం కన్నా, ఫైలు చేతికొచ్చాక తేదీ చెప్పడం నయం.

అయిదో అడుగు: రివ్యూ కాపీలు

ముందస్తు కాపీలను ఏఆర్‌సీ అంటారు. నెట్‌గ్యాలీ, ఎడెల్‌వైస్ లాంటి వేదికల ద్వారా ఇవ్వొచ్చు, నేరుగానూ పంపొచ్చు. డబ్బు తక్కువుంటే నేరుగా పంపడమే మేలు. రెండొందల మందికి ఒకే మెయిల్ కొట్టడం కన్నా, మీ అరలోని పుస్తకాలు చదివే ముప్పై మందిని ఎంచి విడివిడిగా రాయండి. వాళ్ల రివ్యూ పాలసీ ముందు చదవండి. ‘సొంత ప్రచురణలు తీసుకోం’ అని రాసి ఉన్నచోట అడగటం ఇద్దరికీ సమయం దండగ.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

‘నమస్తే. మూసేసిన అంతరిక్ష స్టేషన్‌లో జరిగే ఫలానా నవల మీద మీ రివ్యూ చదివాను. అక్కడి రోజువారీ పనుల వివరాలు నచ్చాయని రాశారు. నా నవల కూడా అలాంటి చోటే జరుగుతుంది. గాలి లెక్కలు రాసే గుమాస్తాకు నలుగురు లెక్కలో లేని మనుషులు తగులుతారు. 380 పేజీలు, ఒక్క భాగంతోనే కథ పూర్తవుతుంది. విడుదల తేదీ ఇది. ఒక పిల్లవాడి మరణం ఉంది, ముందే చెబుతున్నాను. ఈపబ్, ప్రింటు రెండూ ఉన్నాయి. ఏది కావాలో చెబితే పంపుతాను. కుదరకపోతే ఫర్వాలేదు.’

మెయిల్ అంతే. జీవిత చరిత్ర, పొగడ్తల వాన, అడగకుండానే ఫైలు జత చేయడం వద్దు. జవాబు రాకపోతే మూడు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయొచ్చు. అప్పటికీ లేకపోతే వదిలేయండి.

ఇక్కడ రూల్స్ ఉన్నాయి. కాపీ ఉచితంగా ఇవ్వొచ్చు, మంచి రివ్యూ రాయమని షరతు పెట్టకూడదు. అమెజాన్‌లో డబ్బిచ్చి కస్టమర్ రివ్యూలు రాయించుకోవడం, కుటుంబ సభ్యుల చేత రాయించడం నిషిద్ధం. తీసేస్తారు, ఖాతా మీదికి కూడా రావచ్చు. ఉచిత కాపీ అందుకున్నవాళ్లు ఆ సంగతి రివ్యూలో చెప్పాలి. ఇక చెడ్డ రివ్యూ వస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ జవాబివ్వకండి. పాఠకులు రివ్యూలు రాసుకునే గుడ్‌రీడ్స్ సైటులో రచయిత వాదనకు దిగితే ఆ గొడవే పుస్తకం కన్నా ఎక్కువమందికి తెలుస్తుంది. ‘మూడొందల పేజీలు గాలి లెక్కలే’ అని విసుక్కున్న రివ్యూ చదివి, సరిగ్గా అదే కావాలనుకునే పాఠకుడు పుస్తకం కొనుక్కోవచ్చు కూడా.

ఆరో అడుగు: ఏది వార్త, ఏది కాదు

‘నా నవల త్వరలో వస్తోంది’ వార్త కాదు. తేదీ ఖరారైతే వార్త. కవరు, ఆడియో బుక్ చదివేది ఎవరన్నది, వేరే భాషలోకి హక్కులు అమ్ముడవడం, మొదటి అధ్యాయం ఉచితంగా పెట్టడం, ఇవన్నీ వార్తలే. వీటిని ఒకే రోజు గుమ్మరించకుండా నెలకొకటి చొప్పున వదలండి.

ప్రతి ప్రకటనలో వెతక్కుండా దొరకాల్సినవి: పేరు, రచయిత, ప్రచురణకర్త, తేదీ, ఏ రూపాల్లో వస్తుంది, ఎన్ని పేజీలు, కొనే లింకు. వీటితోపాటు ఈ తరహా పాఠకులు తప్పకుండా అడిగేది ఇంకోటుంది: ఒక్క పుస్తకమా, సిరీసా? సిరీస్ అయితే ఎన్నో భాగం, మొత్తం ఎన్ని, తర్వాతివి రాయడం అయిందా? సగంలో ఆగిపోయిన సిరీస్‌లతో విసిగి, అన్ని భాగాలూ వచ్చేదాకా మొదటిది ముట్టుకోని పాఠకులు ఇక్కడ చాలామంది. ‘మూడు భాగాలూ రాసేశాను, ఎనిమిది నెలలకొకటి వస్తుంది’ అన్న వాక్యం పోస్టరు మీది పొగడ్త కన్నా ఎక్కువ అమ్ముతుంది. అది నిజమైతేనే రాయండి. మొదటి భాగం ఉత్కంఠ దగ్గర ఆగిపోతే అదీ ముందే చెప్పేయడం మంచిది.

పటాలు, వంశవృక్షాలు పెట్టొద్దని మొదట్లో అన్నాను కదా. అవి విడుదల తర్వాత పెట్టండి. పుస్తకం చదివినవాళ్లకు అవి బహుమతి, చదవనివాళ్లకు హోంవర్క్.

ఏడో అడుగు: రుచి చూపించడం

అన్నిటికన్నా బలమైన ప్రచారం పుస్తకమే. ఆండీ వియర్ ‘ది మార్షియన్’ను తన సొంత వెబ్‌సైటులో అధ్యాయాలుగా ఉచితంగా పెట్టాడు. సైన్స్ తెలిసిన పాఠకులు లెక్కల్లో తప్పులు పట్టి చెప్పారు, ఆయన దిద్దుకున్నాడు. ఈ-రీడర్‌లో చదువుకునేలా కావాలని పాఠకులే అడిగితే 2011లో కిండిల్‌లో పెట్టాడు. పెద్ద ప్రచురణ సంస్థ నుంచి 2014లో వచ్చింది. హ్యూ హోవీ ‘వూల్’ కూడా 2011లో ఒక విడి కథగా మొదలైంది. తర్వాత ఏం జరిగిందని పాఠకులు అడగటంతో మిగతా భాగాలు రాశాడు. ఇద్దరూ ముందు పోస్టర్లు వేయలేదు, కథ చేతిలో పెట్టారు.

అందరికీ అలా జరుగుతుందని కాదు, కానీ పద్ధతి తీసుకోవచ్చు. మొదటి రెండు అధ్యాయాలు ఏ రిజిస్ట్రేషనూ అడగకుండా చదవనివ్వండి. అదే లోకంలో జరిగే చిన్న కథ ఒకటి రాసి పత్రికకు పంపండి, లేదా మీ ఈమెయిల్ న్యూస్‌లెటర్‌లో చేరినవాళ్లకు ఇవ్వండి. మన గుమాస్తా నవలకైతే అదే స్టేషన్‌లో నీటి పైపులు చూసే మనిషి కథ సరిపోతుంది. నవల తెలియకపోయినా చదివి ఆనందించగలగాలి.

న్యూస్‌లెటర్ గురించి ఒక్క మాట. సోషల్ మీడియాలో మీ పోస్టు ఎంతమందికి చూపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఈమెయిల్ జాబితా మీది. ముఖం తెలియని పదివేల ఫాలోవర్లకన్నా, మెయిల్ తెరిచి చదివే మూడొందల మంది విడుదల వారంలో ఎక్కువ పనికొస్తారు.

ఎనిమిదో అడుగు: విడుదల వారం

ఈ వారం కొత్తగా ఏదీ తయారుచేయకండి. రాయాల్సిన వ్యాసాలు, ఇంటర్వ్యూ జవాబులు, పోస్టులు అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. రివ్యూ కాపీలు తీసుకున్నవాళ్లకు మొదటిరోజు ఒక చిన్న మెయిల్: పుస్తకం వచ్చింది, రివ్యూ పెట్టే లింకు ఇది, ధన్యవాదాలు. లింకులన్నీ మీరే ఒకసారి నొక్కి చూసుకోండి. మిగతా సమయం వచ్చిన మాటలకు బదులివ్వడానికి. ‘కొనండి’ అన్న పోస్టు వారంలో రెండుసార్లు చాలు. మిగతా రోజుల్లో ఆ ఆలోచన ఎక్కడ పుట్టింది, గాలి లెక్క నిజంగా ఎలా కడతారు లాంటి సంగతులు రాయండి.

తొమ్మిదో అడుగు: ఆ తర్వాత ఏడాది

ఈ తరహా నవలలకు ఆయుష్షు ఎక్కువ. పాఠకులు ఒకరికొకరు చెప్పుకుంటారు, అవార్డుల జాబితాలు వస్తాయి, రెండో భాగం వస్తుంది.

ఈ తరహా రచనలకిచ్చే పెద్ద అవార్డులు హ్యూగో, నెబ్యులా. హ్యూగోకు నామినేట్ చేసేది ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం వరల్డ్‌కాన్ సభ్యులు. నెబ్యులాకు ఓటేసేది ఎస్ఎఫ్‌డబ్ల్యూఏ అనే రచయితల సంఘం సభ్యులు. రెండింట్లోనూ 40,000 పదాలు, అంతకు మించినది నవల. హ్యూగోకు అంతకుముందు క్యాలెండర్ సంవత్సరంలో వచ్చిన పుస్తకాలను చూస్తారు. అందుకే ఏడాది చివర్లో రచయితలు ‘ఈ ఏడు నావి ఇవి వచ్చాయి, ఈ విభాగంలోకి వస్తాయి’ అని ఒక పోస్టు రాసే అలవాటుంది. సమాచారం ఇవ్వడం వరకు తప్పులేదు. ఓట్లు అడుక్కోవడం, జట్లు కట్టించడం మాత్రం ఎవరికీ గిట్టదు. సొంతంగా ప్రచురించిన ఫాంటసీకి, రచయిత మార్క్ లారెన్స్ 2015లో మొదలుపెట్టిన ఎస్‌పీఎఫ్‌బీఓ పోటీ ఉంది. 300 పుస్తకాలను 10 బ్లాగులు పంచుకుని, చివరికి 10 ఫైనలిస్టులను తేలుస్తాయి. ఫైనల్ దాకా పోకపోయినా బ్లాగర్లు రాసే రివ్యూ ఉపయోగపడుతుంది.

ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2022 మార్చిలో, జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసుకునే కిక్‌స్టార్టర్ సైటులో నాలుగు నవలలకు 4 కోట్ల 17 లక్షల డాలర్లకు పైగా పోగుచేశాడని చదివి, మొదటి నవలకే క్రౌడ్‌ఫండింగ్ పెడదామా అని అడుగుతుంటారు. ఆయన మొదటి నవల 2005లో వచ్చింది. ఆ డబ్బు వెనక ఉన్నది పదిహేడేళ్ల పాఠకులు. మొదటి పుస్తకానికి నా సలహా: వద్దు.

పుస్తకం బయటికి రాగానే మోసాల మెయిళ్లు మొదలవుతాయి. మీ నవలను తెగ మెచ్చుకుంటూ, మీ బ్లర్బ్‌లోని మాటలే తిప్పి రాసి, రెండు వేల మంది ఉన్న బుక్ క్లబ్బులో పెడతామని, చివర్లో ‘చిన్న రుసుము’ అడుగుతారు. పేరున్న రచయితల పేరుతోనూ రాస్తారు. పుస్తకం మధ్యలో జరిగే ఒక్క సంఘటన అయినా ప్రస్తావించారేమో చూడండి. లేకపోతే డిలీట్ చేయండి.

రెండో భాగం తేదీ ఖరారు కాగానే మొదటి భాగం ఈబుక్ ఫైలు తెరిచి, చివరి పేజీలో దాని ప్రీ-ఆర్డర్ లింకు చేర్చి మళ్లీ ఎక్కించండి. మొదటి భాగం ధర తగ్గించేది ఉంటే, రెండోది విడుదలయ్యే వారంలోనే తగ్గించండి.